మగ్గాలు ఆపి వెతికిన సర్వరు

ఇది ఒక మహాయుద్ధం కథ. ఇందులో సొరంగం ఉంది, కాపలావాళ్లున్నారు, ఒక ద్రోహి ఉన్నాడు, చివరికొచ్చేసరికి కాణిపాకం వినాయకుడి దగ్గర సత్యప్రమాణం కూడా ఉంది. ఆ పూట నాలుగు మరమగ్గాలు ఊపిరి బిగబట్టాయి. ఒక ఆడమనిషి ఉద్యోగం గడియారం ముల్లు మీద నిలబడింది.

అంత లేదులెండి. మా అక్క ల్యాప్‌టాప్‌లో ఒక పేజీ తెరుచుకోలేదు. కానీ అది తెరుచుకోని ఆ రెండు గంటలూ నాకు పైన రాసినట్టే గడిచాయి కాబట్టి ఆ పేరా కొట్టేయకుండా ఉంచుతున్నాను.

మాది నగరి. ముందు ఇల్లు, వెనక రేకుల షెడ్డు, షెడ్డులో మా నాయన నడిపే నాలుగు మగ్గాలు. నేను తిరుపతిలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పనిచేస్తాను. పిల్లలు పీకేసిన మౌసు వైర్లు మళ్లీ గుచ్చడం నా వృత్తి. సాయంత్రం ఇంటికొస్తే మాత్రం నేను ఇంజినీరుని. మా వీధిలో ఎవరి సెల్లు వేడెక్కినా నా దగ్గరికే తెస్తారు. నేను దాన్ని ఆపి, మళ్లీ వేసి ఇస్తాను. ఇంతవరకు ఎవరూ తిరిగి రాలేదు. బాగైందో, విసుగొచ్చి కొత్తది కొన్నారో నేను అడగలేదు.

అక్క పెళ్లికి ముందు నుంచీ చెన్నైలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేది. పాప పుట్టాక మూడేళ్లు మానేసింది. బావ సూళ్లూరుపేట వైపు ఒక ఫ్యాక్టరీలో పని, అక్కడే గది, వారానికి ఒకరోజు ఇక్కడికి వస్తాడు. అందుకని అక్కా పాపా మా ఇంట్లోనే ఉంటున్నారు. అట్లాంటి సమయంలో బెంగళూరు కంపెనీ ఒకటి ఆమెను మళ్లీ తీసుకుంది, ఇంటి నుంచే పని. మొదటి నెల ట్రైనింగు. అది మామూలు ఇంటర్నెట్‌లో వీడియోలు చూడటం, పరీక్షలు రాయడం. సాఫీగా జరిగిపోయింది. అసలు పని ఆ శుక్రవారం మొదలవ్వాలి.

ముందురోజు ఆమె టీమ్ లీడ్ మేడమ్ ఫోన్ చేసి ఒక మాట చెప్పింది. పన్నెండు గంటలకు మీటింగు. ఆలోపు అక్క ఇంటి నుంచి కంపెనీ లోపలి సర్వరులోకి వెళ్లి, ప్రాజెక్టు పేజీ తెరిచి, మీటింగులో చూపించాలి. చూపిస్తే ఇంటి నుంచే పని కొనసాగుతుంది. లేదంటే సోమవారం నుంచి బెంగళూరు వచ్చి, ఆఫీసు కుర్చీలో కూర్చుని, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో చేయాలి.

సోమవారం నుంచి బెంగళూరు అంటే అక్క భాషలో ఉద్యోగం మానేయడమే. పాప ఆమె చీర కొంగు పట్టుకుంటే తప్ప నిద్రపోదు. ఆ సాయంత్రం దోసెల పిండి కలుపుతూ, నా వైపు చూడకుండా అంది. "ఒకసారి మానేస్తే పిల్ల కోసమని అనుకుంటారు. రెండోసారి మానేస్తే ఈమె ఇంతేలే అని రాసుకుంటారు."

నేను జోక్ ఒకటి వెయ్యబోయి ఆగిపోయాను. నా జీవితంలో అట్లా ఆగిన సందర్భాలు తక్కువ. శుక్రవారానికి సెలవు పెట్టాను.

తెల్లవారగానే ఇంటిల్లిపాదీ యుద్ధసన్నాహాలు. అమ్మ పాపను ఎత్తుకుని, అక్క ఉద్యోగం నిలబడాలని మొక్కడానికి కాణిపాకం బస్సెక్కింది. పాప ఇంట్లో ఉంటే మీటింగులో గోల చేస్తుందన్నది అసలు కారణం, దేవుడు రెండో కారణం. కానీ దేవుడికి ఈ వరస చెప్పలేదు. నాయన పది గంటలకు మగ్గాలు నాలుగూ ఆపేశాడు. మామూలుగా మా ఇంట్లో ఫోన్ మాట్లాడాలంటే వీధి చివరికి పోవాలి. కూతురు మీటింగులో మాట్లాడాలని ఆయనంతట ఆయనే ఆపాడు. ఎవరూ అడగలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వీధిలో పనిరోజు మగ్గం చప్పుడు ఆగిందంటే రెండే కారణాలు. కరెంటు పోయి ఉండాలి, లేదా మనిషి పోయి ఉండాలి. మా ఎదురింటాయన తన ఇంట్లో ఫ్యాను తిరగడం చూసుకున్నాడు. కరెంటుంది. వెంటనే భుజాన తువ్వాలు వేసుకుని, ముఖం వీలైనంత బరువుగా పెట్టుకుని వచ్చాడు.

"ఏమప్పా, ఎవురు?" అన్నాడు నాయనతో, గొంతు తగ్గించి.

"ఎవురూ కాదప్పా. కంప్యూటరు."

"పోయిందా?"

"ఇంకా పోలే. లోపల పిల్లోడు సూస్తాండాడు."

నేను చూస్తున్నానని వినగానే ఆయన అరుగు మీద కూర్చున్నాడు. ఉండిపోవడమే మంచిదని తోచినట్టుంది.

లోపల పరిస్థితి ఇది. కంపెనీ సర్వరు బయటివాళ్లకు కనపడదు. దాని దగ్గరికి పోవాలంటే వీపీఎన్ అనే దారి ఉండాలి. మన ఇంటి నుంచి కంపెనీ కాంపౌండు దాకా ఎవరికీ కనపడకుండా తవ్విన సొరంగం అనుకోండి. కంపెనీవాళ్లు పంపిన ఫైలును ల్యాప్‌టాప్‌లో వేసి, పాస్‌వర్డ్ కొడితే సొరంగం తెరుచుకోవాలి. అక్క కొట్టింది. స్క్రీను మూలన చిన్న తాళం బొమ్మ వచ్చింది. కలిసింది అని రాసి ఉంది.

"అయిపాయ," అన్నాను. "ఇంత దానికి సెలవు పెట్టించినావు నాతో."

అక్క ప్రాజెక్టు పేజీ పేరు కొట్టింది. తెల్ల తెర. మధ్యలో ఒకే ముక్క: ఈ పేరుగల సైటు దొరకలేదు.

"అక్షరాలు సరిగ్గా కొట్టినావా?"

"నా పేరన్నా తప్పు కొడతానేమో గానీ దీన్ని కొట్టను. పొద్దుటి నుంచి నోట్లో పెట్టుకోని ఉండా."

వీపీఎన్ తీసి మళ్లీ వేశాను. దొరకలేదు. ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ వేశాను. వీధిలో నా కీర్తికి ఆధారమైన వైద్యం అదే. అది కూడా పనిచేయకపోయేసరికి నా దగ్గర అస్త్రాలు అయిపోయాయి. పదీ ఇరవై అయ్యింది.

మేడమ్ ఫోన్ చేసింది. అక్క స్పీకర్లో పెట్టింది. మేడమ్ గొంతు మెత్తగా ఉంది. మెత్తటి గొంతులో చెడు మాట వస్తే ఎక్కడ తగిలిందో వెంటనే తెలియదు.

"ఏమండీ, కనెక్ట్ అయ్యారా?"

"వీపీఎన్ కనెక్ట్ అయింది మేడమ్. పేజీ రావట్లేదు."

"సిస్టమ్‌లో ఏమైనా మార్చారా?"

అక్క నా వైపు చూసింది. నేను గట్టిగా తల అడ్డంగా ఊపాను. "లేదు మేడమ్," అంది అక్క.

"సపోర్ట్ వాళ్లకు ఒకసారి ఫోన్ చేయండి. పన్నెండుకి మాత్రం క్లయింటు కూడా ఉంటారు. నేను ఆపలేను. సారీ అండీ."

సపోర్ట్ నంబరుకు చేశాం. పది నిమిషాల సంగీతం తర్వాత ఒక కుర్రాడు ఎత్తాడు. మాది విండోస్ కాదు, లినక్స్ అని చెప్పగానే అతని గొంతులో నుంచి బాధ్యత దిగిపోయిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.

"సార్, మేం విండోస్‌కే సపోర్ట్ ఇస్తాం సార్."

"ఫైలు ఇచ్చింది మీరే గదా. అందులో లినక్స్‌కు అని రాసుండాది."

"ఇస్తాం సార్. సపోర్ట్ ఇవ్వం సార్." తర్వాత కాస్త జాలిపడి అడిగాడు. "మీరు సిస్టమ్‌లో సెట్టింగులేమైనా మార్చారా సార్?"

"ఏమీ మార్చలేదు."

"అయితే మేడమ్ గారు సోమవారం ఆఫీసుకొచ్చి ల్యాప్‌టాప్ కలెక్ట్ చేసుకోవచ్చు సార్," అని పరిష్కారం చెప్పి పెట్టేశాడు.

అక్క కుర్చీలో వెనక్కి వాలి, జుట్టు విప్పి మళ్లీ ముడివేసుకుంది. ఆమె చిన్నప్పుడు పరీక్ష హాల్లో జవాబు తెలియనప్పుడు చేసే పని అది. ఆ ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసింది నేనే. పాతదని, నత్తలా ఉందని, విండోస్ తీసేసి వేశాను. అప్పుడు ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. ఇప్పుడు ఎవరికీ ఆ సంగతి గుర్తురాకూడదని నేను మనసులోనే కాణిపాకం పోయి వచ్చాను.

"లినక్స్ వేసింది ఎవురు?" అంది అక్క, పైకప్పు చూస్తూ.

"ఇప్పుడు అది ముఖ్యం కాదు."

"అవును, ఇప్పుడు అది ముఖ్యం కాదు. పన్నెండున్నరకు మాట్లాడుకుందాం."

పదకొండు దాటింది. అప్పుడు నేను నిజంగా పని మొదలుపెట్టాను. ఫైలుతో వచ్చిన కాగితంలో ఆ సర్వరు నంబరు కూడా ఉంది. కమాండ్లు కొట్టే నల్ల తెర తెరిచి ఆ నంబరును పిలిచాను. పలికింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ప్రతి పిలుపుకూ జవాబు. అంటే సొరంగం బాగుంది. సర్వరు కూడా మేలుకునే ఉంది. పేరు పెట్టి పిలిచాను. అట్లాంటివాళ్లెవరూ లేరంది.

దీన్ని అక్కకు ఇట్లా చెప్పాను. "మన వీధిలో ఎవురికన్నా డోరు నంబరు తెలుసునా? తెలీదు. ఫలానా వాళ్ల ఇల్లు యాడ అని మూలన టీ అంగట్లో అడుగుతారు. ఆయన చూపిస్తాడు. కంప్యూటరు కూడా అంతే. నువ్వు పేరు కొడితే, అది ఒక అంగట్లో నంబరు అడిగి పోతాది. ఆ అంగడి పేరే డీఎన్‌ఎస్."

"ఇప్పుడేమైంది?"

"మీ కంపెనీ కాంపౌండులో ఇండ్లు మీ కంపెనీ వాచ్‌మనుకే తెలుసు. ఇది ఆ వాచ్‌మన్ను అడగకుండా ఊర్లో టీ అంగట్లో అడుగుతాండాది. ఆయన అట్లాంటి ఇల్లే లేదంటాండాడు."

"మరి వాచ్‌మన్ను అడగమని చెప్పు."

ఇంత తేలికైన వాక్యాన్ని కంప్యూటరుకు చెప్పడం ఎంత కష్టమో ఆ నిమిషంలో తెలిసింది.

నాయన వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చేతులకు మగ్గం నూనె. మగ్గాలు ఆగి ఉన్నాయి కాబట్టి ఊరికే ఉండలేక వాటికి నూనె పెడుతున్నాడు.

"తెగిందా?" అన్నాడు. ఆయనకు లోకంలో ఏ సమస్యైనా పోగు తెగడమే.

"తెగలేదు నాయనా. అన్నీ కట్టే ఉండాయి. పేరు దొరకడంలే."

"మొన్నటి దాకా బాగుండె గదా. ఎవురన్నా సెయ్యి పెట్టినారా?"

"ఎవురూ పెట్టలేదు," అన్నాను, ముందటి రెండుసార్లకంటే కొంచెం చిరాగ్గా. అబద్ధం కాదు. నేను అది నిజమనే నమ్ముతున్నాను. అది ఎంత ప్రమాదమో అప్పటికి తెలియదు.

ఒక అడ్డదారి ఉంది. అంగట్లో అడగకుండా, పేరూ నంబరూ మనమే ఒక చీటీ మీద రాసి కంప్యూటరు జేబులో పెట్టొచ్చు. అట్లాంటి చీటీ ఫైలు ఒకటి లినక్స్‌లో ఉంటుంది. రాశాను. అక్క మళ్లీ పేరు కొట్టింది.

పేజీ వచ్చింది.

నీలం రంగు. పైన కంపెనీ బొమ్మ. అక్క కుర్చీ అంచుకొచ్చింది. నాయన లోపలికి రెండడుగులు వేశాడు. గది మొత్తానికి ఒకే ఊపిరి. అక్క లాగిన్ నొక్కింది. పేజీ తిరిగింది, తిరిగింది, ఇంకో పేరుకు మారింది. తెల్ల తెర. దొరకలేదు.

లాగిన్ చేసే సర్వరు వేరే ఉందట. దానికి వేరే పేరు. దాని నంబరు మా కాగితంలో లేదు. ఒక ఇంటి దారి చీటీ మీద రాసుకుని పోతే ఆ ఇంటివాళ్లు, తాళం చెవి పక్కింట్లో ఉంది, ఆ ఇల్లెక్కడో మీకు తెలిసే ఉంటుంది అన్నారు.

"తెలిసే ఉంటే ఈడికి ఎందుకొస్తాం?" అంది అక్క స్క్రీనుతో.

మేడమ్‌కు నంబరు అడుగుతూ మెసేజ్ పెట్టింది. మేడమ్ వేరే మీటింగులో ఉంది. ఒకే టిక్కు పడింది, రెండోది పడలేదు. పదకొండున్నర.

ఇక అసలు చోటికే పోవాలి. లినక్స్‌లో ఏ అంగట్లో అడగాలో రాసిపెట్టే ఫైలు ఒకటుంది. తెరిచాను. రెండు లైన్లు. అందులో కంపెనీ వాచ్‌మన్ నంబరు లేదు. బయటి లోకంలో అందరూ వాడే ఒక పబ్లిక్ సర్వరు నంబరు ఉంది. వీపీఎన్ కలిసినప్పుడు ఈ ఫైలు దానంతటదే మారాలి. మారలేదు. సరే, నేనే మారుస్తానని చెరిపి, కాగితంలో ఉన్న వాచ్‌మన్ నంబరు రాసి, సేవ్ కొట్టాను.

అనుమతి లేదంది.

లినక్స్‌లో సర్వాధికారి ఒకడుంటాడు. వాడి పేరు మీద కొడితే ఏ ఫైలైనా నోరుమూసుకుని మారుతుంది. ఆ పేరు మీద కొట్టాను. అనుమతి లేదు. ఫైలునే తీసేయబోయాను. అనుమతి లేదు. గుడి ధర్మకర్తే వచ్చి తలుపు తట్టినా పూజారి ఎవరు మీరు అని అడిగినట్టుంది. 

"అక్కా," అన్నాను, "దీంట్లోకి ఎవురో జొరబడినారు."

"ఎవురు?"

"తెలీదు. హ్యాకర్లు. సర్వాధికారిని కూడా కాదంటాండారంటే మామూలోళ్లు కాదు. ఎవురో శానా తెలివైనోడు చేసిన పని ఇది."

ఈ వాక్యం తర్వాత నాకు చాలా అవమానం తెచ్చింది. ఆ నిమిషంలో మాత్రం మేమిద్దరం నిజంగానే భయపడ్డాం. కంపెనీ ఫైలు, కంపెనీ పాస్‌వర్డ్ ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. హ్యాకర్లని చెప్తే ఇంటి నుంచి పని సంగతి దేవుడెరుగు, ఉద్యోగమే ఉండదు. చెప్పకపోతే ఇంకా తప్పు. అక్క ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"మేడమ్‌కు చెప్పేస్తా," అంది. "దాచిపెట్టి పట్టుబడేదానికంటే మేలు."

"పది నిమిషాలు ఆగు."

"పది నిమిషాల్లో ఏం చేస్తావు?"

అంతలో ఆమె చేతిలోని ఫోన్ మోగింది. అమ్మ.

"ఏమైందే? వచ్చిందా?" అమ్మ వెనక జనం, కొబ్బరికాయల అంగళ్ల కేకలు, పాప ఏదో అడిగి ఏడుస్తున్న గొంతు.

"రాలేదుమా. ఎవురో లోపల కెలికినారు అంటాండాడు వీడు."

"వాడికియ్యి ఫోను." ఫోన్ నా చెవి దగ్గరికొచ్చింది. "రేయ్, ఈడ సెల్లులు తీసుకుంటాండారు. ఇచ్చేసి లోపలికి పోవాల. పోయేముందు ఒక మాట చెప్పు. ఆ పెట్టిని నువ్వేమన్నా కెలికినావా?"

"నేనెందుకు కెలుకుతామా?"

"మిక్సీని ఎందుకు కెలికినావో అందుకే. కెలకలేదని చెప్పు. సామి ముందర నిలబడి ఆ మాటే చెప్తా. నా బిడ్డ ముట్టుకోలేదు సామీ, వేరే ఎవురో చేసినారు, వాళ్లని నువ్వే సూసుకో అని."

మా వైపు వాళ్లకు ఇది విడమరచి చెప్పక్కరలేదు. గట్టు తగాదా అయినా, పోయిన గొలుసైనా, చివరికి కాణిపాకం వచ్చి ప్రమాణం చేస్తావా అని అడుగుతారు. అక్కడ అబద్ధమాడితే వినాయకుడు వదలడని నమ్మకం. ఆ మాట వినగానే సగంమంది అక్కడే దారికొస్తారు. నాకు దేవుడి మీదున్న నమ్మకం సపోర్ట్ వాళ్ల మీదున్న నమ్మకమంతే. కానీ వాళ్లను నువ్వే సూసుకో అని అమ్మ అన్నాక, ఆ వాళ్లలో నేను లేనని ఒకసారి సరిచూసుకోవడంలో తప్పు లేదనిపించింది. మేడమ్ అడిగినప్పుడు ఆలోచించలేదు. సపోర్ట్ కుర్రాడికీ నాయనకీ చెప్పినప్పుడూ ఆలోచించలేదు. మొదటిసారి ఆలోచించాను.

ఆయుధ పూజ.

ఆ రోజు మా ఇంట్లో పనిముట్లన్నీ శుభ్రం చేస్తారు. నాయన మగ్గాలు తుడిచి, నూనె పెట్టి, వదులైన బోల్టులన్నీ బిగిస్తాడు. అమ్మ కత్తిపీట, కుట్టుమిషను కడిగి బొట్లు పెడుతుంది. అక్కకు ఉద్యోగం ఖాయమైంది కాబట్టి ఆ ఏడు ఆమె ల్యాప్‌టాప్‌ను కూడా కత్తిపీట పక్కన పెట్టారు. అందరూ ఏదో ఒకటి బిగిస్తున్నారు. నా చేతిలో ఏమీ లేదు. ల్యాప్‌టాప్ తీసుకున్నాను.

అప్పట్లో మా ఇంటి నెట్ పెట్టె ఇచ్చే అంగడి నంబరు మంచిది కాదు. సైట్లు అరగంటకు తెరుచుకునేవి. నేను ఆ ఫైలులో పబ్లిక్ నంబరు రాశాను. బాగైంది. కానీ ల్యాప్‌టాప్ ఆపి వేసినప్పుడల్లా ఫైలు పాత నంబరుకే మారిపోతోంది. అందుకని మారకుండా దానికి ఒక తాళం వేశాను. సర్వాధికారి వచ్చినా మార్చలేని తాళం. నాయన బోల్టు బిగించినట్టు గట్టిగా బిగించి, పైన కుంకుమ బొట్టు పెట్టి, పూజలో పెట్టి, మరిచిపోయాను. ట్రైనింగు నెలంతా పబ్లిక్ నంబరే సరిపోయింది. వీపీఎన్ వచ్చిన రోజు అది ఆ ఫైలు మార్చడానికి తలుపు తట్టింది. తాళం ఊడలేదు.

శానా తెలివైనోడు చేసిన పని.

"రేయ్, ఉండావా? సెల్లు అడుగుతాండారు," అంది అమ్మ.

 చెప్పకుండానే బాగుచేయొచ్చు. తాళం తీసేస్తే హ్యాకర్లు పారిపోయారని చెప్పి వీరుడిగా మిగలొచ్చు. అక్క నా ముఖంలోకే చూస్తోంది.  

"నేనేమా," అన్నాను. "నేనే చేసినా. సామికి ఏమీ చెప్పబాకు."

 "నాకు తెలుసు," అంది అమ్మ, ఫోన్ ఎవరికో ఇచ్చేసింది.

  అక్క గడియారం చూసింది. పదకొండూ నలభై నాలుగు. "తియ్యి," అంది.

తాళం తీశాను. పబ్లిక్ నంబరున్న ఫైలును చెరిపేశాను. ఈసారి సర్వాధికారి మాట చెల్లింది. ఆ ఫైలు స్థానంలో మామూలుగా ఉండాల్సిన లంకెను మళ్లీ పెట్టాలి, అంటే వీపీఎన్ మార్చినప్పుడల్లా అదీ మారేటట్టు. ఆ లంకె ఎక్కడికి పోవాలో గుర్తులేదు. వెతుకుదామని సెల్లు తీస్తే నెట్ నెమ్మదిగా ఉంది. నలభై ఎనిమిది. మొదటిసారి దారి తప్పు కొట్టాను. అసలు ఏ సైటూ తెరుచుకోలేదు, పబ్లిక్‌వి కూడా. అక్క మీటింగు కిటికీ తెరిచి పక్కన పెట్టుకుంది. అందులో ఆమె ముఖం, వెనక నా మోచెయ్యి, గుమ్మంలో నాయన, కిటికీ ఊచల్లోంచి ఎదురింటాయన.

యాభై రెండు. సరైన దారి దొరికింది. లంకె పెట్టాను. పేర్లు వెతికే పనివాడిని ఆపి మళ్లీ లేపాను. వీపీఎన్ తీసి వేశాను. ఇప్పుడు ఎవరిని అడుగుతున్నావని కంప్యూటర్‌నే అడిగితే కంపెనీ నంబరు చూపించింది. చీటీలో రాసింది కూడా చెరిపేశాను, మళ్లీ ఇంకో ఆయుధ పూజ కాకుండా.

"కొట్టు," అన్నాను.

అక్క కొట్టింది. నీలం పేజీ. లాగిన్. తిరిగింది. పాస్‌వర్డ్ అడిగింది. అక్క ఒకసారి తప్పు కొట్టింది. రెండోసారి సరిగ్గా కొట్టింది. ప్రాజెక్టు పేజీ వచ్చింది. చూడటానికి ఏమీ లేదు. ఒక పట్టిక, నాలుగు గడులు, కింద ఎవరో పరీక్షకని కొట్టి తీసేయడం మరిచిపోయిన వాక్యం. దీనికోసమా అనిపించేంత బోసిగా ఉంది. అక్క దాన్ని పసిబిడ్డను చూసినట్టు చూసింది.

పన్నెండుకు మేడమ్ వచ్చింది, క్లయింటు వచ్చాడు. అక్క స్క్రీను చూపించింది. గొంతులో ఒక్క పిసరు వణుకు లేదు. అరగంట తర్వాత మేడమ్ అంది. "గుడ్. అయితే ఇంటి నుంచే కంటిన్యూ అవండి. పొద్దున ఇష్యూ ఏంటండీ మరి?"

అక్క నా వైపు తిరిగింది. నేను టేబుల్ కింద ప్లగ్గు ఏదో సరిచేస్తున్నట్టు వంగాను.

"లోకల్ కాన్ఫిగరేషన్ ఇష్యూ మేడమ్," అంది. "రిమూవ్ చేశాం."

నన్ను ఇంత తక్కువ మాటల్లో ఇంత సరిగ్గా ఎవరూ చెప్పలేదు.

మీటింగు ముగిశాక అక్క మొదట కాణిపాకం ఫోన్ చేసింది. అమ్మ ఎత్తలేదు, సెల్లు ఇంకా కౌంటరులోనే ఉంది. తర్వాత కళ్లు తుడుచుకుంది. తుడుచుకోవడం అయిపోగానే నా వైపు చెయ్యి చాపింది. "ల్యాప్‌టాప్ ఈడియ్యి." పాస్‌వర్డ్ మార్చింది. కొత్తది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

"అయిపాయనా?" అన్నాడు నాయన. "మగ్గాలు వేసుకోవచ్చునా?"

"ఏసుకో నాయనా."

"ఎవురు సెయ్యి పెట్టినారంట?"

అక్క నా వైపు చూసింది. "బోల్టు బిగించినాడు నాయనా, మన ఇంజినీరు. ఎక్కువ బిగించినాడు."

నాయన తల ఊపాడు. మగ్గాల మనిషికి ఇంతకంటే చెప్పనక్కరలేదు. షెడ్డులోకి పోతూ, "బిగించినాక తిప్పి సూడాల," అన్నాడు. అది ఉపదేశమేమీ కాదు, విసుగు. రెండున్నర గంటల నేత పోయింది మరి. మొదటి మగ్గం మొదలైంది, తర్వాత రెండోది. ఎదురింటాయన అరుగు మీద నుంచి లేచి, తువ్వాలు దులుపుకుని, "అయితే ఏమీ కాలేదా," అని కొంచెం నిరాశగా వెళ్లిపోయాడు.

లినక్స్‌లో సర్వాధికారికి కూడా మారని ఫైలు కనపడితే హ్యాకర్లను తలుచుకోకండి. ముందు ఎల్‌ఎస్‌అటర్ (lsattr) అనే కమాండు, పక్కన ఫైలు పేరు కొట్టి చూడండి. ఫైలు పేరుకు ముందు ఐ అనే ఇంగ్లీషు అక్షరం కనపడితే తాళం ఉన్నట్టు. సర్వాధికారి పేరు మీద చాటర్ మైనస్ ఐ (chattr -i), పక్కన ఫైలు పేరు కొడితే పోతుంది.